బ్యాటరీ ఉడుకుతోంటే డైనమో మార్చేయాలా?

ప్రశ్న: అన్నా నమస్తే. మా కారుకి 9 ఏళ్ళు. రెండు నెలల్లో హెడ్‌లైట్ బల్బులు మూడు పోయాయి. బానెట్ ఎత్తితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసిన పది రోజులకే గీత కిందకి దిగిపోతోంది. రేజ్ చేస్తే లైట్లు బాగా పెరుగుతున్నాయి. ఒక మెకానిక్ మీటర్ పెట్టి 15.6 చూపించి డైనమో మొత్తం మార్చాలన్నాడు, ఇంకొకాయనేమో బ్యాటరీ పోయింది అది మార్చు చాలు అన్నాడు. నా దగ్గర కూడా మల్టీమీటర్ ఉంది కానీ ఎక్కడ పెట్టి చూడాలో సరిగ్గా తెలీదు. ఎవరి మాట వినాలి?

సమాధానం:

తమ్ముడూ, ఎవరి మాట వినాలన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ వాసన సంగతి తేలేదాకా బండేసుకుని దూరం వెళ్ళకు. ఆ కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, బ్యాటరీ లోపల బాగా ఉడికిపోతుంటే వస్తుంది, దాంతోపాటు హైడ్రోజన్ కూడా బయటికొస్తుంటుంది, దానికి అసలు వాసనే ఉండదు, గాలిలో 4 శాతం కలిస్తే చాలు ఒక్క నిప్పురవ్వకి పేలిపోతుంది. కాబట్టి బానెట్ ఎత్తి కాసేపు గాలి ఆడనిచ్చాకే చెయ్యి పెట్టు, కళ్ళకి అద్దాలు పెట్టుకో, సిగరెట్టూ అగ్గిపుల్లా దగ్గరికి రానివ్వకు. చేతికి ఉంగరమో కడియమో ఉంటే తీసెయ్, స్పానర్‌కీ బాడీకీ మధ్య అది తగిలి షార్ట్ అయితే చర్మం కాలిపోతుంది, ఇది నిజంగా జరిగే పనే.

ఇక అసలు సంగతి. నువ్వు చెప్పిన గుర్తులన్నీ ఓవర్‌ఛార్జింగ్ వైపే ఉన్నాయి, అంటే బ్యాటరీకి కావాల్సినదానికంటే ఎక్కువ వోల్టేజ్ వెళ్తోంది. బల్బులే చూడు, ఫిలమెంట్ బల్బు ఆయుష్షు వోల్టేజ్ పెరిగేకొద్దీ సుమారు 12వ ఘాతం లెక్కన పడిపోతుంది, అంటే 14 వోల్టుల మీద వెలగాల్సిన బల్బుకి 16 ఇస్తే ఆయుష్షు ఐదో వంతుకి వచ్చేస్తుంది, రెండేళ్ళు రావాల్సింది ఐదు నెలలకే టప్పుమంటుంది. కానీ ఓవర్‌ఛార్జింగ్ ఉన్నంత మాత్రాన డైనమో పోయినట్టు కాదు, నేను నీకు గట్టిగా చెప్పాలనుకున్న మాట ఇదే. డైనమో, అంటే ఇంజిన్ తిరుగుతుంటే కరెంట్ పుట్టించే ఆల్టర్నేటర్, తనంతట తాను ఎక్కువ కొట్టదు. లోపల తిరిగే రోటర్ కాయిల్‌కి బ్రష్‌ల ద్వారా ఎంత కరెంట్ ఇస్తే బయటికి అంత ఇస్తుంది, ఆ కరెంట్ ఎంత ఇవ్వాలో చూసుకునేది రెగ్యులేటర్, పాత మెకానిక్‌లు కొందరు ఇప్పటికీ దాన్ని కటౌట్ అనే అంటారు. అది వోల్టేజ్ చూస్తూ ఉంటుంది, తగ్గితే రోటర్‌కి కరెంట్ ఇస్తుంది, పెరిగితే ఆపేస్తుంది, సెకనుకి ఎన్నోసార్లు ఇదే పని. అంటే వోల్టేజ్ హద్దు దాటిందంటే రెండే రకాలు, రెగ్యులేటర్‌కి ఆపడం చేతకాకుండా పోయింది, లేదా రెగ్యులేటర్ బాగానే ఉంది కానీ దానికి కనపడే వోల్టేజ్ అసలు వోల్టేజ్ కంటే తక్కువ. రెండో రకంలో నువ్వు కొత్త డైనమో వేసినా అదే 15.6 వస్తుంది.

నాకు ఇది అనుభవమే. చాలా ఏళ్ళ కింద ఒక పాత కారు, 15.4 కొడుతుంటే డైనమో పోయిందని నేనే తేల్చి కొత్తది వేశాను, స్టార్ట్ చేసి మీటర్ పెడితే మళ్ళీ 15.4. ఆ బండిలో రెగ్యులేటర్ వోల్టేజ్ చూసే తీగ ఇగ్నిషన్ స్విచ్ గుండా వెళ్తోంది, స్విచ్ లోపల కాంటాక్ట్‌లు అరిగి నల్లగా అయిపోయి అక్కడే ఒక వోల్టు పైగా పోతోంది, పాపం రెగ్యులేటర్ తనకి 14.2 కనపడేదాకా కొట్టిస్తోంది, అది చేసిన తప్పేమీ లేదు. అనవసరంగా ఆ యజమాని చేత డైనమో కొనిపించానే అని ఇప్పటికీ బాధగానే ఉంటుంది, అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు నీ మీటర్‌ని నమ్మొచ్చో లేదో చూసుకో. మీటర్ లోపలి బ్యాటరీ వీక్ అయితే చాలా డిజిటల్ మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, 14.3 ఉన్నది 15.5 లాగా కనపడి డైనమోలు మార్చుకున్నవాళ్ళు ఉన్నారు. కొత్త బ్యాటరీ వేసి, బాగున్న ఇంకో బండి మీద ఒకసారి పెట్టి చూడు, లేదా ఇంకో మీటర్‌తో పోల్చు. నాబ్ డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టు, ఎర్రది ప్లస్‌కి, నల్లది మైనస్‌కి, ప్రోబ్‌లు క్లాంపుల మీద కాదు, బ్యాటరీ సీసం పోస్టుల మీదే నొక్కి పట్టుకో. ఆ చేత్తోనే క్లాంపులు కదులుతున్నాయేమో కూడా చూడు, లూజు టెర్మినల్ ఉంటే ఏ రీడింగూ నిలకడగా ఉండదు.

మొదటి రీడింగ్ బండి రాత్రంతా ఆగి ఉన్నాక, పొద్దున్నే తాళం కూడా పెట్టకముందు. బాగున్న బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తుంది, ఆరు సెల్లులు, ఒక్కోటీ 2.1. అక్కడ 12.2 ఉంటే సగం ఛార్జ్ ఉన్నట్టు. 10.5 దగ్గర కనపడితే మాత్రం ఒక సెల్ షార్ట్ అయిపోయినట్టు, అప్పుడు కథ వేరు. ఎందుకంటే డైనమో సరిగ్గా 14.2 ఇస్తున్నా అది ఆరు సెల్లులు పంచుకోవాల్సింది ఐదే పంచుకుంటాయి, ఒక్కోదానికి 2.84 పడుతుంది, మామూలు వేడిలో సెల్ 2.4 దాటితేనే నీళ్ళు గ్యాసుగా విడిపోవడం జోరందుకుంటుంది, ఇక 2.84 అంటే ఉడికిపోవడమే. వాసన, వేడి, నీళ్ళు తగ్గడం అన్నీ వస్తాయి, డైనమో మాత్రం నిక్షేపంగా ఉంటుంది. మీటర్ లేకుండా కూడా దీన్ని పట్టుకోవచ్చు, మూతలు తీసి చూస్తే ఒక్క సెల్ తేడాగా ఉంటుంది, మిగతా ఐదూ ఒక తీరు, అదొక్కటే ఒక తీరు. అదే ఆరింట్లోనూ నీళ్ళు దాదాపు సమానంగా దిగాయంటే అది వోల్టేజ్ ఎక్కువ కొట్టడం వల్లే.

నీ రెండో మెకానిక్ చెప్పింది బహుశా ఈ సెల్ సంగతి మనసులో పెట్టుకునే అయ్యుంటుంది, అది తప్పు ఆలోచన కాదు, కాకపోతే సెల్ పోయిన బ్యాటరీ వోల్టేజ్‌ని కిందకి లాగుతుందే తప్ప 15.6కి ఎక్కించదు. మొదటాయన చూపించిన 15.6 నిజమైతే కారణం బ్యాటరీ కాదు, బ్యాటరీ దెబ్బ తిన్నది, అంతే. దెబ్బ కొట్టినవాడిని వదిలేసి కొత్త బ్యాటరీ వేస్తే దాన్నీ ఉడకబెడుతుంది.

ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి చూడాలి. చొక్కా చేతులు మడుచుకో, కండువాలాంటిది మెడలో ఉండకూడదు, ప్రోబ్ తీగలు బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా పెట్టు, ఒకరిని లోపల కూర్చోబెట్టి యాక్సిలరేటర్ తొక్కించు. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చెయ్యగానే 14.7, 14.8 కనపడినా కంగారు పడకు, చల్లటి బ్యాటరీకి ఎక్కువ వోల్టేజ్ కావాలి కాబట్టి రెగ్యులేటర్‌ని అలాగే తయారుచేస్తారు, వేడెక్కేకొద్దీ అదే దించుకుంటుంది. పదిహేను ఇరవై నిమిషాలు తిరిగాక కూడా 15 మీద కదలకుండా కూర్చుందంటే అది ఓవర్‌ఛార్జింగ్. మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్యలో ఉండాలి.

ఇక్కడే అసలైన తేడా తెలుస్తుంది, చాలామంది ఒక్క నంబర్ చూసి ఆపేస్తారు గానీ ఆ నంబర్ ఎలా కదులుతోందన్నదే ముఖ్యం. ఐడిల్‌లో ఎంతుందో రాసుకో, 1500 ఆర్పీఎం దగ్గర ఎంత, 2500 దగ్గర ఎంత. ఐడిల్‌లో 14.8, కొంచెం తొక్కగానే 15.6, ఇంకా తొక్కితే 16.5, ఇలా ఇంజిన్‌తో పాటు ఎక్కుతూ పోతుంటే అదుపు చేసేవాడే లేడని అర్థం, రెగ్యులేటర్ లోపలి ట్రాన్సిస్టర్ షార్ట్ అయి రోటర్‌కి ఫుల్ కరెంట్ వెళ్ళిపోతోంది, లేదా రోటర్‌కి వెళ్ళే ఫీల్డ్ తీగ ఎక్కడో ఒరుసుకుని రెగ్యులేటర్‌ని దాటి నేరుగా తగులుతోంది. 16 దాటుతోందని తెలిసిన క్షణం ఇంజిన్ ఆపెయ్, ఇంకా ఎంత వెళ్తుందో చూద్దామని తొక్కకు, కంప్యూటర్లూ సెన్సర్లూ పోతాయి. అలా కాకుండా ఎంత తొక్కినా 15.6 దగ్గరే గట్టిగా నిలబడిందంటే అక్కడ అదుపు ఉంది, రెగ్యులేటర్ పని చేస్తోంది, కాకపోతే తప్పు వోల్టేజ్ దగ్గర పట్టుకుంటోంది. అప్పుడు డైనమో మీద చెయ్యి వెయ్యకముందు తీగ చూడాలి. ఇంకో చిన్న గుర్తు కూడా ఉంది, హెడ్‌లైట్లూ బ్లోయరూ వెయ్యి, బాగున్న బండిలో వోల్టేజ్ కొంచెం తగ్గుతుంది లేదా అలాగే ఉంటుంది, లోడ్ వేస్తే పెరిగిందనుకో, ఆ లోడూ రెగ్యులేటర్ తీగా ఒకే ఫ్యూజు మీదనో ఒకే స్విచ్ మీదనో ఉండి అక్కడే వోల్టేజ్ పోతోందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఆ తీగని సెన్స్ వైర్ అంటారు, డైనమో వెనక చిన్న కనెక్టర్‌లో ఉండే సన్న తీగల్లో ఒకటి. ఏది ఏదో నీ మోడల్ వైరింగ్ డయాగ్రామ్ చూసే నిర్ధారించుకో, రంగు చూసి ఊహించకు. కనెక్టర్ ఊడదీయకుండానే వెనక వైపు నుంచి సన్న పిన్ను లోపలికి పోనిచ్చి ఆ టెర్మినల్‌కి తగిలించు, తీగ మీద తొడుగు మాత్రం పొడవకు, అక్కడి నుంచే తర్వాత తుప్పు మొదలవుతుంది. మీటర్ ఎర్రది బ్యాటరీ ప్లస్ మీద, నల్లది ఈ పిన్ను మీద, ఇంజిన్ రన్నింగ్‌లో ఉండాలి, లైట్లు ఆన్ చెయ్యి. బాగున్న తీగ అయితే 0.1, మహా అయితే 0.2 చూపిస్తుంది. అక్కడ 1.3 కనపడిందనుకో, 15.6లోంచి 1.3 తీసెయ్, 14.3, రెగ్యులేటర్‌కి సరిగ్గా ఎంత కావాలో అంతే దానికి అందుతోంది, లెక్క తేలిపోయింది. ఇక ఆ 1.3 ఎక్కడ పోతోందో వెతుక్కుంటూ బ్యాటరీ వైపు రావడమే, ఫ్యూజు కాళ్ళు పచ్చగా చిలుము పట్టాయా, ఫ్యూజు బాక్స్‌లో నీళ్ళు దిగాయా, ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్ట్‌లు అరిగాయా, ఎవరైనా మ్యూజిక్ సిస్టమో అలారమో పెట్టినప్పుడు ఆ తీగ కోసి టేపు చుట్టేశారా. చాలాసార్లు అది ఒక ఫ్యూజు గాడి శుభ్రం చేస్తే తీరిపోయే పనే.

కొన్ని డైనమోలకి అసలు సెన్స్ వైరే ఉండదు, లోపలున్న రెగ్యులేటర్ డైనమో లావు తీగ టెర్మినల్ దగ్గరే వోల్టేజ్ చూసుకుంటుంది. అలాంటిదైతే ఓవర్‌ఛార్జింగ్‌కి రెగ్యులేటరే కారణమని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. రెగ్యులేటర్ విడిగా బాడీకి బిగించి ఉండే పాత బళ్ళలో ఇంకో సంగతి చూడాలి, దాని ఎర్త్. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద, ఎర్రది రెగ్యులేటర్ బాడీ మీద పెట్టు, 0.1 దాటకూడదు, తుప్పో పెయింటో అడ్డొచ్చి ఎర్త్ సరిగ్గా లేకపోతే దానికి వోల్టేజ్ తక్కువ కనపడి ఎక్కువ కొట్టిస్తుంది. ఆ రెగ్యులేటర్ ప్లగ్ ఇంజిన్ ఆపి పీకేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఛార్జింగ్ ఆగిపోవాలి, ఆగకపోతే ఫీల్డ్ తీగే షార్ట్. రెగ్యులేటర్ డైనమో లోపలే ఉన్న బళ్ళలో మాత్రం ఎర్త్ చెడితే బ్యాటరీకి వోల్టేజ్ తక్కువ అందుతుందే గానీ ఎక్కువ కాదు, ఎవరైనా ఎర్త్ గీకితే నీ ప్రాబ్లమ్ పోతుందంటే గీకించుకో, మంచిదే, ఆశ మాత్రం పెట్టుకోకు. డయోడ్లు, అంటే డైనమో లోపల ఏసీని డీసీగా మార్చేవి, పోయాయన్నా అంతే, అవి పోతే సాధారణంగా ఛార్జింగ్ తగ్గుతుంది, మీటర్ ఏసీలో పెట్టి చూసినప్పుడు 0.5 దాటితే డయోడ్‌ని అనుమానించు. బెల్టు బిగువు ఎక్కువైతే వోల్టేజ్ పెరుగుతుందనే మాటలో నిజం లేదు, బేరింగ్ పోతుంది, అంతే.

నీ బండి వయసు చూస్తే ఇంకోటి కూడా అయ్యుండొచ్చు, ఛార్జింగ్‌ని ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, నడిపించే రకం. బ్యాటరీ మైనస్ క్లాంపు మీదే చిన్న నల్ల డబ్బా, దానికి సన్న తీగలు కనపడితే అది కరెంట్ సెన్సర్, అలాంటి బళ్ళలో వోల్టేజ్ కావాలనే మారుతుంటుంది, మామూలుగా పోతున్నప్పుడు 12.8కి దిగొచ్చు, యాక్సిలరేటర్ మీద కాలు తీసి బండి దొర్లుతుంటే 15 దాకా ఎక్కొచ్చు, అది జబ్బు కాదు. కాబట్టి ఒక్కసారి 15 కనపడిందని తేల్చెయ్యకుండా కొంతసేపు నడుపుతూ చూడాలి, స్కానర్ పెడితే పీ0563 అనే కోడ్ ఉందేమో చూడాలి, సిస్టమ్ వోల్టేజ్ ఎక్కువైందని దాని అర్థం. ఇంజిన్ ఆపి డైనమో చిన్న కనెక్టర్ పీకి, స్టార్ట్ చేసి మళ్ళీ కొలువు, చాలావరకు 14 చుట్టుపక్కలకో అంతకంటే కిందకో వచ్చేస్తుంది, లేదా ఛార్జింగే ఆగిపోతుంది. అలా వస్తే డైనమో మాట వింటోంది, దానికి వెళ్ళే ఆర్డరే తేడా, సెన్సర్ వైపు వెతకాలి. కనెక్టర్ పీకినా 15.6 ఉంటే లోపలి రెగ్యులేటర్ చెడినట్టే.

రెగ్యులేటర్ అని తేలినా డైనమో మొత్తం మార్చక్కర్లేని బళ్ళు చాలా ఉన్నాయి, రెగ్యులేటరూ కార్బన్ బ్రష్‌లూ కలిసి ఒకే ముక్కగా విడిగా దొరుకుతాయి, రెండు మూడు స్క్రూలు. విప్పినప్పుడు స్లిప్ రింగుల మీద, అంటే బ్రష్‌లు ఆనే రింగుల మీద, లోతుగా గాడి పడిందేమో, బేరింగ్ గరగరమంటోందేమో చూడమను, ఆ రెండూ ఉంటే మాత్రం మొత్తం మార్చడమే నయం, ఆరు నెలల్లో మళ్ళీ విప్పే పని పెట్టుకోకు. డైనమో లావు తీగకి బ్యాటరీ కరెంట్ ఎప్పుడూ ఉంటుంది, అందుకే ఏది విప్పాలన్నా ముందు ఇంజిన్ ఆపి బ్యాటరీ మైనస్ తీసెయ్యాలి.

ఇంకొకటి, ఎవరైనా ఇంజిన్ రన్నింగ్‌లో బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమో టెస్ట్ చేస్తానంటే వాళ్ళని చెయ్యి పట్టుకుని ఆపు. బ్యాటరీ ఆ వోల్టేజ్‌ని పట్టి ఉంచుతుంది, అది లేకపోతే ఒక్క క్షణంలో 40 వోల్టులు కూడా దాటే పోటు రావచ్చు, ఈసీయూ పోతే దాని ముందు డైనమో ఖర్చు ఎంత.

దారిలో ఉండగా వోల్టేజ్ ఎక్కిపోతోందని తెలిస్తే, ఆపే చోటు వచ్చేదాకా హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనకద్దం హీటరు అన్నీ వేసుకుని తక్కువ ఆర్పీఎంలో వెళ్ళు, పైన చెప్పిన లోడ్ వేస్తే పెరిగే రకం కాకపోతే వోల్టేజ్ కాస్త దిగుతుంది. ఇది ఆ కాసేపటికే.

బ్యాటరీ సంగతి చివర్లో. పక్కలు ఉబ్బి ఉంటే రీడింగ్ ఎంత బాగున్నా తీసెయ్, లోపల ప్లేట్లు వంగిపోయుంటాయి. ఉబ్బకపోతే, వోల్టేజ్ సరయ్యాక, ప్లేట్లు బయటపడి ఉంటే ముందు అవి మునిగేంత డిస్టిల్డ్ వాటర్ పోసి, పూర్తిగా ఛార్జ్ చేసి, ఆ తర్వాత గీత దాకా నింపు, యాసిడ్ మాత్రం పొయ్యకు. రాత్రంతా వదిలి పొద్దున 12.5 పైన ఉంటే లోడ్ టెస్ట్ చేయించు, అంటే ఎక్కువ కరెంట్ లాగి బ్యాటరీ తట్టుకుంటుందో లేదో చూడటం, అందులో నిలబడితే ఇంకొన్నాళ్ళు వాడుకోవచ్చు. సీల్డ్ రకం, ఏజీఎం రకం (యాసిడ్‌ని గాజు పీచు పట్టి ఉంచేది) అయితే పోయిన నీళ్ళు మళ్ళీ పొయ్యలేం, వాటికి లోడ్ టెస్టే దిక్కు. చుట్టూ చిమ్మిన యాసిడ్ మీద వంటసోడా కలిపిన నీళ్ళు పోసి కడుగు, మూతల్లోంచి లోపలికి పోకుండా చూసుకో.

నాకు ఇవి రాసి పంపు: పొద్దున ఆగి ఉన్నప్పటి వోల్టేజ్, వేడెక్కాక ఐడిల్‌లో, 1500లో, 2500లో ఎంతెంత, లైట్లు వేస్తే పెరిగిందా తగ్గిందా, డైనమో చిన్న కనెక్టర్‌కి తీగలు ఎన్ని, మైనస్ క్లాంపు మీద నల్ల డబ్బా ఉందా లేదా. అవి చూసి రెగ్యులేటరా, తీగా అన్నది చెప్తాను, అప్పటిదాకా ఇద్దరిలో ఎవరికీ డబ్బులు ఇవ్వకు.